అర్ధరాత్రి నడిచిన రైతులు, మేలుకున్న ముంబయి

ముంబయి నగరానికి ఊరేగింపులు కొత్త కాదు. ఆజాద్ మైదానంలో ఏదో ఒక కోర్కెతో ఎవరో ఒకరు కూర్చోని రోజు ఉండదంటే అతిశయోక్తి కాదు. నగరవాసి వాటిని పెద్దగా పట్టించుకోడు. "ట్రాఫిక్ ఎటు మళ్ళించారు? లోకల్ రైళ్లు నడుస్తున్నాయా?" అని అడిగి తన దారిన తాను పోతాడు. అలాంటి నగరం 2018 మార్చిలో ఒక ఆదివారం నాడు రోడ్డు పక్కన నిలబడి, నడిచివస్తున్న రైతులకు మంచినీళ్ళు, బిస్కెట్లు, చెప్పులు అందించింది. వాళ్ళ మీద పూలు చల్లింది.

ఆ స్పందన ఎందుకు వచ్చింది? ఎంతకాలం నిలిచింది? దానివల్ల ఆ రైతులకు ఒరిగిందేమిటి? ఇవి ఆలోచించదగ్గ ప్రశ్నలు. పుట్టిన గడ్డ విడిచి పరాయి రాష్ట్రాల్లో స్థిరపడిన మనవంటి కుటుంబాలకు ఇందులో సొంతంగా తగిలే మాట కూడా ఒకటి ఉంది. అది చివర మనవి చేస్తాను.

నాసిక్ నుంచి ముంబయికి

2018 మార్చి 6న నాసిక్ సెంట్రల్ బస్‌స్టాండ్ కూడలి నుంచి ఆ పాదయాత్ర బయలుదేరింది. నడిపించింది మార్క్సిస్టు పార్టీ అనుబంధ సంస్థ అయిన అఖిల భారత కిసాన్ సభ. దూరం సుమారు 180 కిలోమీటర్లు. కసారా ఘాటు దిగి, షహాపూర్, భివండీల మీదుగా, ఠాణే దాటి ముంబయి చేరాలి. మార్చి ఎండలో, కాలే తారురోడ్డు మీద ఆరు రోజుల నడక. బయలుదేరినప్పటికంటే దారిలో చేరినవారితో జనం పెరిగి, నగరం చేరేసరికి నలభై యాభై వేలమంది ఉంటారని పత్రికలు అంచనా వేశాయి.

వీరిలో అధిక భాగం సొంత పొలాలున్న ఆసాములు కారు. నాసిక్ జిల్లాలోని సురగాణా, కళవణ్, పేఠ్, దిండోరీ ప్రాంతాల నుంచీ, ఠాణే, పాల్ఘర్ జిల్లాల నుంచీ వచ్చిన ఆదివాసులు. తాతల కాలం నుంచి అడవి అంచున ఎకరమో రెండెకరాలో దున్నుకుంటూ, కాగితం మీద మాత్రం ఆ నేల తమదని చూపించుకోలేనివారు. ఆడవాళ్ళు, అరవై దాటిన ముసలివాళ్ళు కూడా తల మీద ఎర్ర టోపీ, చేతిలో జెండాతో నడిచారు. బియ్యం, పప్పు, వంటపాత్రలు టెంపోల్లో వెంట వచ్చాయి. ఆగినచోట వండుకోవడం, ఆరుబయట పడుకోవడం, తెల్లవారక ముందే లేచి మళ్ళీ నడవడం.

వారి కోర్కెలు కూడా కొత్తవి కావు. అటవీ హక్కుల చట్టం కింద సాగుభూమికి పట్టాలు, పూర్తి రుణమాఫీ, స్వామినాథన్ కమిషన్ సిఫారసు చేసినట్టు ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు గిట్టుబాటు ధర, పురుగు వల్లా వడగళ్ళ వల్లా పోయిన పంటకు నష్టపరిహారం, వృద్ధులకు పింఛను పెంపు, నదుల నీళ్ళు తమ ప్రాంతం నుంచి తరలించవద్దన్న విన్నపం.

ఆ రాత్రి

మార్చి 11 ఆదివారం వారు నగరంలో ప్రవేశించారు. మేముండేది ములుండ్‌లో. హైవే మా ఇంటికి నడక దూరమే. మా ఆవిడ, నేను, మా కాలనీవాళ్ళు మరికొందరు వెళ్ళి చూశాం. అంత జనం వస్తున్నా తోపులాట లేదు, కేకలు తక్కువ. రెండు మూడు వరుసలుగా రోడ్డుకు ఒక పక్కన ఒద్దికగా నడుస్తున్నారు. చాలామంది కాళ్ళకు చెప్పులు లేవు. ఉన్నవాళ్ళవి తెగిపోతే తాడుతో కట్టుకున్నారు. అరికాళ్ళు పగిలి, బొబ్బలెక్కి, కొందరికి నెత్తురు కనిపిస్తోంది. మర్నాడు పత్రికల్లో ముఖాలకంటే పాదాల ఫొటోలే ఎక్కువగా వచ్చాయి.

చూస్తూ ఉండగానే హైవే పక్కన బల్లలు వెలిశాయి. ఒకరు నీళ్ళ సీసాలు, ఒకరు అరటిపళ్ళు, ఇంకొకరు పోహా పొట్లాలు. మా కాలనీ ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి, పనికొచ్చే పాత చెప్పులన్నీ గోనెసంచిలో వేసి తెచ్చారు. వారికి ఎవరూ చెప్పలేదు, చందాలు పోగుచేయలేదు. ఆ రాత్రి ముస్లిం యువకులు బైకుల్లా దగ్గర నీళ్ళూ ఫలహారాలూ ఇచ్చారు. సిక్కు సోదరులు వడ్డించారు. మర్నాడు డబ్బావాలాలు కూడా భోజనం పొట్లాలు పంచారు. వైద్యులు వచ్చి కాళ్ళకు మందు రాసి కట్లు కట్టారు.

అయితే నగరం మనసు నిజంగా కదిలింది ఆ అర్ధరాత్రి వేళ. సోమవారం ఉదయం నడిచివెళ్ళి శాసనసభను చుట్టుముట్టాలన్నది వారి ఆలోచన. అప్పుడు పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. పగటిపూట అంతమంది దక్షిణ ముంబయి వైపు నడిస్తే రోడ్లు నిండి పిల్లలు పరీక్ష కేంద్రాలకు చేరలేరు. అందుకని సాయన్ దగ్గర సోమయ్యా మైదానంలో నడుం వాల్చిన రైతులు, అర్ధరాత్రి దాటాక లేచి, మళ్ళీ నడిచి, తెల్లవారేసరికి ఆజాద్ మైదానం చేరుకున్నారు. ఆరు రోజులు నడిచిన కాళ్ళకు నిద్రలేని మరో పది కిలోమీటర్లకు పైగా నడక. ఉదయం పిల్లలు లేచి బడికి వెళ్ళేటప్పటికి రోడ్లు ఖాళీగా ఉన్నాయి.

"మన పిల్లల కోసం వాళ్ళు నిద్ర మానుకున్నారు" అన్న మాట ఆ రోజు ప్రతి లోకల్ రైలు పెట్టెలోనూ వినబడింది. నగరవాసికి అడ్డంగా కూర్చోవడం ద్వారా తన బాధ తెలియజేసేది ఒక పద్ధతి. అడ్డు తొలగి నడవడం ద్వారా తెలియజేసేది మరో పద్ధతి. రెండోదానికి ఎంత బలముందో ఆ రాత్రి తెలిసింది. సోమవారం సాయంత్రానికి ప్రభుత్వం చాలా కోర్కెలకు రాతపూర్వకంగా ఒప్పుకుంది. అటవీ భూముల దరఖాస్తులు ఆరు నెలల్లో తేలుస్తామంది. రైతులు తిరిగివెళ్ళడానికి భుసావళ్ వైపు ప్రత్యేక రైళ్లు వేశారు.

అన్నీ పూలజల్లులు కావు

ఇంత చెప్పి, రెండో వైపు చెప్పకపోతే న్యాయం కాదు. సోమవారం మధ్యాహ్నం మా ఆఫీసులో భోజనాల దగ్గర విన్న మాటలు మూడు రకాలు.

మొదటిది, "వీళ్ళను ఎవరో తోలుకొచ్చారు." ఎర్ర జెండాలు చూసి ఈ మాట అన్నవారు చాలామంది. ఒక పార్లమెంటు సభ్యురాలు పట్టణ మావోయిస్టుల ప్రభావం గురించి మాట్లాడితే, నగరంలోనే దానికి గట్టి విమర్శలు వచ్చాయి. ఒక పార్టీ సంఘం నడిపించిన మాట నిజమే. వాళ్ళేమీ దాచలేదు కూడా. కానీ జెండా ఎవరిదైనా కాలి బొబ్బ నడిచినవాడిదే. 180 కిలోమీటర్లు ఎవరో చెప్పారని నడిచేవాళ్ళు అరుదు.

రెండోది, "పాపం" అన్న మాట. ఇది చెడ్డమాట కాదు గానీ, దీనితో సంభాషణ ముగిసిపోతుంది. పాపమన్నవారిని వారి కోర్కెలేమిటని అడిగితే రుణమాఫీ తప్ప రెండోది చెప్పలేకపోయారు.

మూడోది, "మనం పన్నులు కడితే వాళ్ళ అప్పులు మాఫీనా?" అన్నది. బ్యాంకులో పనిచేసేవాళ్ళ నోట ఇది ఎక్కువ వస్తుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 2008లో కేంద్రం చేసిన రుణమాఫీలో అనర్హులకు అందిందనీ, అర్హులు తప్పిపోయారనీ 2013లో కాగ్ నివేదికే చెప్పింది. మాఫీ వస్తుందన్న ఆశతో, కట్టగలిగినవాడు కూడా వాయిదా ఆపేస్తాడు. ఇవి మేము కౌంటర్ల దగ్గర చూసిన సంగతులే. కానీ అదే మనం, దివాలా చట్టం వచ్చిన 2016 తరువాత పెద్ద కంపెనీల బాకీలో బ్యాంకులు సగానికి పైగా వదులుకుని తక్కినది తీసుకున్నప్పుడు, దాన్ని "పరిష్కారం" అంటున్నాం. రైతుకైతే "అలవాటు పాడవుతుంది" అంటున్నాం. రెండింటికీ ఒకే తూకంరాయి వాడితే మంచిది.

పేరు లేని సాత్‌బారా

అసలు సంగతి మాఫీ కంటే లోతుగా ఉంది. మన ప్రాంతంలో అడంగల్, పహాణీ అన్నట్టు మహారాష్ట్రలో భూమి కాగితాన్ని సాత్‌బారా అంటారు. భూమి ఎవరిది, సాగు ఎవరిది, ఏ పంట అన్నది అందులో ఉంటుంది. బ్యాంకు పంటరుణం ఇవ్వాలంటే ముందు అడిగేది అదే.

అడవి నేల దున్నేవాడికి ఆ కాగితంలో యజమానిగా కనిపించేది అటవీ శాఖ. అతని పేరు లేదు. అందుచేత బ్యాంకు అప్పు లేదు. బ్యాంకు అప్పే లేనివాడికి బ్యాంకు రుణమాఫీ ఏమి ఉపయోగం? 2017 జూన్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 34,000 కోట్ల రూపాయల మాఫీ, ఒక్కొక్కరికి 1.5 లక్షల వరకు, ఇలాంటివాడి గడప తొక్కలేదు. అతను బాకీ పడింది షావుకారుకు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 50,000 రూపాయల పంటరుణం బ్యాంకులో తీసుకుని సకాలంలో కడితే, వడ్డీ రాయితీలు పోగా 4 శాతం పడుతుంది. ఏడాదికి 2,000 రూపాయలు. అదే డబ్బు షావుకారు దగ్గర నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 18,000. నేల ఒకటే, వాన ఒకటే, విత్తనం ఒకటే. తేడా 16,000 రూపాయలు. ఆ తేడా ఒక్క కాగితం వల్ల వచ్చింది. ఆర్థిక అసమానత అన్న పెద్ద మాటకు నాకు తెలిసిన చిన్న అర్థం ఇదే.

ఆ కాగితం ఇవ్వడానికే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి ఆ నేల సాగులో ఉన్న ఆదివాసి కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా, భార్యాభర్తలిద్దరి పేర హక్కు ఇవ్వాలి. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది గానీ అమ్మడానికి, బదలాయించడానికి వీలులేదు. అమ్మలేని భూమి మీద అప్పెలా అని కొందరంటారు. చిన్న పంటరుణాలకు భూమి తాకట్టు అక్కర్లేదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. ఆ పరిమితి 2018లో 1 లక్ష, 2019లో 1.6 లక్షలైంది, 2025 జనవరి నుంచి 2 లక్షలు. కావలసిందల్లా సాగు ఇతనిదే అని చెప్పే కాగితం. చట్టం ఇచ్చిన హక్కు ఆఫీసుల్లో ఆగింది. చాలా దరఖాస్తులు తిరస్కరించారు. కొందరికి దున్నేదానికంటే తక్కువ విస్తీర్ణానికి పట్టా ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత ఇలాంటిచోటే పుట్టి ఉంటుంది. ఎర్ర టోపీలు పెట్టుకుని వాళ్ళు నడిచింది ముఖ్యంగా ఈ పని కోసం. నీళ్ళసీసా ఇచ్చిన మనలో ఇది తెలిసినవాళ్ళు తక్కువ.

పుణ్‌తాంబా పాలు, లాసల్‌గావ్ ఉల్లి

సరిగ్గా తొమ్మిది నెలల ముందు, 2017 జూన్ 1న, అహ్మద్‌నగర్ జిల్లా (2024 నుంచి అహిల్యానగర్) పుణ్‌తాంబా గ్రామం నుంచి మరో రైతు ఉద్యమం మొదలైంది. రైతులు సమ్మె కట్టారు. పాలు, కూరగాయలు పట్నాలకు పంపలేదు. కొన్నిచోట్ల రోడ్ల మీద పారబోశారు. అప్పుడు ఇదే ముంబయి స్పందన వేరు. "తినే తిండి పారబోస్తారా?" అని కోపగించుకుంది. కూరగాయల ధర పెరిగిందని విసుక్కుంది. కష్టం అదే, జిల్లాలు పక్కపక్కనే. ఒకసారి మన వంటింటిని తాకింది, మరోసారి తాకలేదు. పాలు పారబోయడం నాకూ నచ్చలేదు. అయినా, మనకు ఖర్చులేని ఉద్యమాన్నే మనం మెచ్చుకుంటామా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఉల్లి సంగతి చూడండి. ఆ పాదయాత్ర బయలుదేరిన నాసిక్ జిల్లాలోనే లాసల్‌గావ్ ఉంది. ఆసియాలోకెల్లా పెద్ద ఉల్లి మార్కెట్. 2019లో ఉల్లి ధర పెరిగినప్పుడు నగరాల్లో గగ్గోలు పుట్టింది. ఆ సెప్టెంబరులో ఎగుమతులు ఆపేశారు. 2023 డిసెంబరులో మళ్ళీ ఆపి, 2024 మేలో ఎత్తేశారు. ధర పెరిగితే రోజుల్లో కదలిక వస్తుంది. ధర పడిపోతే? 2023 ఫిబ్రవరిలో, మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న షోలాపూర్‌లో, ఒక రైతు 512 కిలోల ఉల్లి మార్కెట్‌కు తెచ్చాడు. కిలో రూపాయి చొప్పున అమ్ముడుపోయింది. బండి కిరాయి, హమాలీ, తూకం ఖర్చులు పోగా అతనికి మిగిలింది 2 రూపాయల 49 పైసలు. చేతికి వచ్చింది ముందు తేదీ వేసిన 2 రూపాయల చెక్కు. ఆ చెక్కు ఫొటో దేశమంతా చూసింది. చూసి, నిట్టూర్చి, పేజీ తిప్పింది.

గృహిణులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నెలజీతంలో ఇల్లు గడుపుకునేవారికి ఉల్లి ధర పెద్ద విషయమే. రైతుకు రూపాయి ముట్టినప్పుడు కూడా మన సందులో బండివాడు రూపాయికి ఇవ్వడు. మధ్యలో ఏమి జరుగుతోందని మనం అడగం. ధర పెరిగిననాడు మాత్రమే అడుగుతాం.

తరువాత ఏమైంది

ఆరు నెలల్లో తేలుస్తామన్న దరఖాస్తులు ఆరు నెలల్లో తేలలేదు. 2019 ఫిబ్రవరిలో రైతులు నాసిక్ నుంచి మళ్ళీ బయలుదేరారు. మరో రాతపూర్వక హామీ వచ్చాక, జిల్లా దాటకుండానే విరమించారు. 2023 మార్చిలో దిండోరీ నుంచి మూడోసారి నడిచారు. ఈసారి అటవీ పట్టాలతోపాటు ఉల్లికి సాయం కూడా అడిగారు. క్వింటాలుకు 600 కోరితే 350 రూపాయలు ప్రకటించారు. ఠాణే జిల్లా వాశింద్ దగ్గర యాత్ర ఆగింది. ఆ దారిలో ఒక రైతు ప్రాణం పోయింది.

2019లో గాని, 2023లో గాని ములుండ్ హైవే మీద బల్లలు వెలవలేదు. వాళ్ళు అంతదూరం రాలేదు కనుక మనకు కనబడలేదు. కనబడినంతసేపే కదిలే మనసు మంచిదే, కానీ చాలదు. ఆ ఒక్క రాత్రి ఇచ్చిన నీళ్ళ విలువను తక్కువ చేయను. ప్రభుత్వం అంత త్వరగా కాగితం మీద సంతకం పెట్టడానికి నగరం వాళ్ళ పక్షాన నిలవడం ఒక కారణమని నా నమ్మకం. కానీ సంతకం పెట్టించిన నగరం, దాన్ని అమలు చేశారా అని మళ్ళీ అడగలేదు.

మన సంగతి

మొదట్లో చెబుతానన్న మాటకు వస్తున్నాను. ఈ నగరంలో తెలుగువాళ్ళు కూడా ఒకప్పుడు ఆ వరుసల్లో నడిచినవాళ్ళే. రాళ్ళు మోసి బొంబాయి కట్టిన కామాఠీల పేరు కామాఠీపురాలో నిలిచి ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి బట్టల మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన మిల్లు సమ్మెలో సుమారు 2.5 లక్షలమంది వీధిన పడితే, వారిలో మనవాళ్ళూ ఉన్నారు. ఆ సమ్మె గెలవలేదు. కొందరు భివండీ పవర్‌లూములకు, కొందరు సొంత ఊళ్ళకు తరలిపోయారు. వారి పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో కుదిరారు. ఇప్పుడు మనం రోడ్డుకు ఇవతల నిలబడి నీళ్ళిచ్చే స్థితిలో ఉన్నాం. సంతోషమే.

మనలో కొందరికి స్వస్థలంలో రెండెకరాలో ఐదెకరాలో ఇంకా ఉంది. దాన్ని ఎవరో కౌలుకు చేస్తున్నారు. నోటిమాట కౌలు, కాగితం లేదు. నాసిక్ ఆదివాసికి అటవీ శాఖ ఎలాగో, ఆ కౌలురైతుకు మనం అలాగే. సాగు అతనిది, కాగితంలో పేరు మనది. పంటరుణం అతనికి పుట్టదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు సొమ్ము పట్టాదారు ఖాతాలోనే పడింది, ఆ పట్టాదారు ముంబయిలో ఉన్నా సరే. కౌలుదారుకు చేరలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలురైతుకు రుణార్హత కార్డు ఇచ్చేందుకు 2011లో ఒక చట్టం, పంట సాగుదారు హక్కుల కార్డు ఇచ్చేందుకు 2019లో మరో చట్టం వచ్చాయి. రెండోదాని ప్రకారం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేయాలి. దానివల్ల యజమాని హక్కుకు భంగం లేదని చట్టమే చెప్పింది. అయినా సంతకం చేయని యజమానులే ఎక్కువ. "రేపు భూమి నాదే అంటే?" అన్న భయం. ఈ భయం గురించి మా సంఘం కార్యక్రమాల్లో ఎంతోమంది నన్ను అడిగారు. అందరికీ ఒకటే చెబుతాను. ఒప్పందం చదవండి, గడువు చూడండి, గ్రామంలో తెలిసిన పెద్దమనిషిని అడగండి. తరువాత సంతకం చేయండి. ఆ ఒక్క సంతకంతో పైన చెప్పిన 16,000 రూపాయల లెక్క ఒక ఇంట్లో మారవచ్చు.

తెలంగాణలో భూమి ఉన్నవారికి ఆ కార్డు మార్గం లేదు. అక్కడ, పెట్టుబడి సాయం కింద మన ఖాతాలో పడిన సొమ్మును కౌలులోంచి తగ్గించుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అలా చేస్తున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. వారు దాన్ని గొప్పగా చెప్పుకోరు.

రోడ్డు మీద నడిచే రైతుకు నీళ్ళివ్వడానికి ఒక్క నిమిషం చాలు. మన పొలం దున్నే రైతు ఇక్కడిదాకా నడిచి రాడు. అతని కాళ్ళు మనకు కనబడవు. ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు కౌలు డబ్బులు లెక్కపెట్టుకునే ముందు, అతను విత్తనాలకు అప్పు ఎక్కడ తెచ్చాడో, ఎంత వడ్డీకి తెచ్చాడో ఒక్కమాట అడగండి.